కమాను కట్ట ఇచ్చిన సాక్ష్యం

రేసు అయిపోయింది. జనం లేచి బట్టల మీది దుమ్ము దులుపుకుంటున్నారు. గెలిచిన బండిని మాత్రం ఇంకా ఇంటికి పోనివ్వలేదు. ఒక మనిషి దాని వెనక భాగం కింద, రెండు చక్రాల నడుమ అడ్డంగా ఉండే కమాను కట్టను పరీక్షగా చూస్తున్నాడు.

ఆయన పేరు ఆల్ క్రిస్లర్. పేరు విని కార్ల కంపెనీకి చుట్టమనుకునేరు, కాదు. ఆ రోజు పందెంలో బండ్ల తనిఖీ ఆయన బాధ్యత. ఆయన చూస్తున్నది 1947 మోడల్ ఫోర్డ్. నడిపి గెలిచినవాడు గ్లెన్ డునావే. బండి సొంతదారు వేరే మనిషి, హ్యూబర్ట్ వెస్ట్‌మోర్లండ్. తేదీ 1949 జూన్ 19, ఆదివారం. ఊరు అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్. ఇవాళ ఆ ఊరి బ్యాంకుల్లో, ఐటీ ఆఫీసుల్లో మన తెలుగువాళ్ళు బోలెడంత మంది. వాళ్ళు సెలవులకి ఇండియా వచ్చిపోయే విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉండేది ఆ ట్రాక్. చుట్టు కొలత ముప్పావు మైలు, అంతా మట్టి.

ఆ రోజు జరిగింది నాస్కార్ అనే సంస్థ ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ పేరుతో నడిపిన మొట్టమొదటి పందెం. స్టాక్ అంటే కొట్లో ఉన్న సరుకు. షోరూమ్‌లో ఎలా అమ్మారో అలాగే, ఏ మార్పూ చెయ్యకుండా తెచ్చిన కారు అన్నమాట. దానికి ముందు ‘స్ట్రిక్ట్‌లీ’ కూడా తగిలించారు, ఎవరికీ అనుమానం మిగలకుండా.

కమాను కట్ట చూశాక క్రిస్లర్‌కి అనుమానం మిగల్లేదు. పట్టీలను ఎడం చేసి, బిగుతుగా ఉండేలా మార్చారు. ఇది ఫోర్డ్ కంపెనీ అమ్మిన కమాను కాదు. కాబట్టి ఇది షోరూమ్ బండి కాదు. 200 చుట్లు తిరిగి, తర్వాతివాడి కంటే మూడు చుట్లు ముందుగా పందెం ముగించిన బండి, కింద పెట్టుకున్న ఇనుప పట్టీల మూలంగా ఓడిపోయింది. షోరూమ్ కార్ల పందెమని టముకు వేసి పిలిచిన మొదటి పందెంలోనే, గెలిచింది షోరూమ్ కారు కాదని తేలింది.

ఈ తగాదా ఆ రోజుతో తెమల్లేదు. ఏడున్నర దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. నాస్కార్ ట్రాకుల మీద తిరిగే కామరోలు, మస్టాంగ్‌లు, కామ్రీలు నిజంగా మనం కొనుక్కునే కార్లేనా అని అక్కడి అభిమానులు ఇవాళ్టికీ వాదించుకుంటారు. పాతకాలపు వాళ్ళు మా రోజుల్లో అచ్చమైన బండ్లు పరిగెత్తేవి అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పులో నిజం ఎంతో తెలియాలంటే ఆ ఆదివారం ట్రాక్ దగ్గరికే వెళ్ళి చూడాలి.

యుద్ధకాలంలో అమెరికా కార్ల ఫ్యాక్టరీలన్నీ ట్యాంకులూ విమానాలూ చేశాయి. 1942 నుంచి 45 దాకా మామూలు జనానికి కొత్త కారన్నది లేదు. యుద్ధం ముగిసినా కొన్నేళ్ళు ఆ కరువు తీరలేదు. కొనడానికి డబ్బుండీ జనం వరుసలో నిలబడి ఎదురు చూస్తుంటే, కొత్త కారు తెచ్చి మట్టి ట్రాక్ మీద పల్టీలు కొట్టిస్తే ఊరుకుంటారా? అందుకే నాస్కార్ మొదలైన 1948లో పాత బండ్లకి మరమ్మతులు చేసి, మార్పులు చేసి పరిగెత్తించారు. 1949 నాటికి షోరూములు నిండటం మొదలైంది. నాస్కార్ పెద్ద బిల్ ఫ్రాన్స్‌కి అప్పుడు కొత్త ఆలోచన పుట్టింది. ఫ్రాన్స్ ఆరడుగులు దాటిన ఆజానుబాహువు. ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో పెట్రోల్ బంకు నడుపుకుంటూ, పందేలు ఆడుతూ, ఆడిస్తూ పైకొచ్చినవాడు. ఇంటి ముందు నిలబెట్టుకున్న కారే ట్రాక్ మీద కొట్లాడుతుంటే చూడ్డానికి ఎవరు రారు? అదీ ఆయన లెక్క. అదే షార్లెట్‌లో ఇంకో సంస్థ తరఫున బ్రూటన్ స్మిత్ అనే కుర్రాడు స్టాక్ కార్ల పందేలు పెడుతూ జనాన్ని లాగుతుండటం కూడా ఫ్రాన్స్‌ని తొందర పెట్టింది. మొత్తం బహుమతి 5,000 డాలర్లు, గెలిచినవాడికి 2,000 అని చాటించాడు.

వచ్చారు జనం, సుమారు 13,000 మంది. వచ్చాయి బండ్లు, 33. ఫోర్డ్‌లు, హడ్సన్‌లు, లింకన్‌లు, బ్యూయిక్‌లు, ఓల్డ్స్‌మొబైల్‌లు.

ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతల కాన్సస్ రాష్ట్రంలో జిమ్ రోపర్ అనే రేసుగాడు ఉండేవాడు. ఈ పందెం కబురు అతనికి ఎలా చేరిందనుకున్నారు? పేపర్లో రోజూ వచ్చే బొమ్మల కథ ద్వారా. జాక్ మోస్లీ గీసే ‘స్మైలిన్ జాక్’ అనే విమానాల కథలో ఈ పందెం ముచ్చట కనిపించింది. రోపర్ అది చదివి, తెలిసిన కార్ల డీలర్ని ఒప్పించి, లింకన్ కారు వేసుకుని రోడ్డున పడ్డాడు. లారీ మీద ఎక్కించుకుని కాదు. నడుపుకుంటూ. మనవాళ్ళు విజయవాడ నుంచి ఢిల్లీకి కారులో బయల్దేరినట్టే, అంత దూరం.

అదే నార్త్ కరోలినాకి చెందిన లీ పెట్టీ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఆయన తెచ్చింది బ్యూయిక్ రోడ్‌మాస్టర్, భారీ శాల్తీ. సొంతం కాదు, తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నది. పదకొండేళ్ళ కొడుకు రిచర్డ్ కూడా పందెం చూడ్డానికి వచ్చాడు. ఇంటి నుంచి ట్రాక్ దాకా తెచ్చిన బండిలోనే పందెం ఆడటం, అయ్యాక అదే బండిలో ఇంటికి పోవటం. అచ్చమైన స్టాక్ కారంటే అదీ.

పందెం మొదలైన కాసేపటికే తెలిసొచ్చింది, షోరూమ్ కార్లు ఇలాంటి పనికి పుట్టలేదని. ముప్పావు మైలు చుట్టులో ఎప్పుడూ మలుపే, ఎప్పుడూ యాక్సిలరేటరే. గాలి కంటే దుమ్మే ఎక్కువ. రేడియేటర్లు సలసల మరిగాయి. చాలాసేపు అందరికంటే ముందున్న బిల్ బ్లెయిర్ లింకన్ వేడెక్కి చతికిలబడింది. సారా క్రిస్టియన్ అనే ఆవిడ కూడా ఆ రోజు బరిలో దిగి మగాళ్ళతో సమానంగా మట్టి తిన్నది. లీ పెట్టీ బ్యూయిక్ మలుపులో అదుపు తప్పి పల్టీలు కొట్టింది. మనిషి బతికి బయటపడ్డాడు గానీ బండి ముద్దయింది. ఇంటికెలా పోవాలన్నది ఒక సమస్య, అరువిచ్చినవాళ్ళకి ఏం చెప్పాలన్నది అంతకన్నా పెద్ద సమస్య. అది చూసిన ఆ పదకొండేళ్ళ రిచర్డ్ తర్వాత 200 పందేలు గెలిచాడు, ఏడుసార్లు ఛాంపియన్ అయ్యాడు. ఇప్పటికీ నాస్కార్ జనం అతన్ని ‘కింగ్’ అనే పిలుస్తారు. అతను మళ్ళీ వస్తాడు ఈ కథలోకి.

ఇంతమంది బండ్లు మలుపుల్లో పక్కకి ఒరిగిపోతుంటే, డునావే ఫోర్డ్ మాత్రం నేలకి అతుక్కున్నట్టు తిరిగింది. మిగతావాళ్ళు చూస్తుండగానే మూడు చుట్లు మిగుల్చుకున్నాడు. ఎలా?

దానికి సమాధానం నాటుసారా.

కొండ ప్రాంతాల్లో దొంగచాటుగా సారా కాచి, పన్ను ఎగ్గొట్టి, రాత్రిపూట పట్నాలకి చేరవేయటం అక్కడ అప్పట్లో పెద్ద వ్యాపారం. చేరవేసే కుర్రాళ్ళకి రెండు కష్టాలు. ఎక్సైజ్ వాళ్ళు వెంటబడితే అందకూడదు. అసలు వాళ్ళ కంట పడకుండా ఉంటే ఇంకా మంచిది. బండి చూడ్డానికి పక్కింటి రైతు ఫోర్డ్ లాగే ఉండాలి. లోపల వంద గ్యాలన్ల పైచిలుకు సారా ఉన్నా వెనక భాగం కుంగకూడదు. కుంగిందంటే దారిలో నిలబడ్డ పోలీసుకి బండి తనే సాక్ష్యం చెప్పినట్టు. కాబట్టి కమానుల్ని గట్టి చేస్తారు. సరుకు దింపేశాక అదే గట్టి కమాను ఇంకో మేలు చేస్తుంది. మలుపులో బండి ఒరగదు. వెనక చక్రాలు రెండూ నేలని పట్టుకుని ఉంటాయి. వెస్ట్‌మోర్లండ్ ఫోర్డ్ అలాంటి బండి. కొద్ది రోజుల ముందు వరకూ సారా మోసిన బండి.

విజయవాడ ఆటోనగర్‌లో కమాను పని చేసే మేస్త్రీని ఎవర్నడిగినా ఇది ముక్కలో చెప్తాడు. ఓవర్‌లోడ్ లారీకి పట్టీ అదనంగా వేయించుకునే ఓనర్లు రోజూ వస్తారు వాళ్ళ దగ్గరికి. ఖాళీగా తిరిగేటప్పుడు వెనక ఎత్తి ఉన్న లారీని చూడగానే, ఇది ఎంత మోసే బండో లెక్క కట్టేస్తారు. క్రిస్లర్ చూసింది కూడా అదే చూపుతో.

మన పల్లెల్లో పగటి వేషాలు కట్టేవాళ్ళుంటారు. పోలీసు వేషం కట్టినవాణ్ణి చూసి ఊళ్ళో కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి, లోపల ఉన్నది వేరే మనిషని తెలిసినా. సారా బండి కట్టింది అలాంటి వేషమే. పైకి సంసారి, లోపల గజదొంగ. అసలు స్టాక్ కారు రేసింగ్ పుట్టిందే ఈ వేషధారుల చేతుల్లో. ఫ్రాన్స్ ఆ పందెం నుంచి సారా వాసన కడిగేసి, ఇంటిల్లిపాదీ చూసే ఆటగా చెయ్యాలనుకున్నాడు. మొదటి రోజే ఆ వాసన విజేత బండి కింద నుంచే వచ్చింది.

వెస్ట్‌మోర్లండ్ ఊరుకోలేదు. 10,000 డాలర్లకి కోర్టుకెక్కాడు. జడ్జి జాన్ హేస్ ఆ దావాను కొట్టేశాడు. ఆ తీర్పు గనక అటు తిరిగి ఉంటే నాస్కార్ అప్పుడే మూతబడేదని నా నమ్మకం. పందెం పెట్టినవాడికి, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని చెప్పే హక్కు లేకపోతే ఇంక ఆటేముంది? రెండో స్థానంలో ఉన్న కాన్సస్ రోపర్‌కి గెలుపు దక్కింది. బొమ్మల కథ చదివి వచ్చినవాడు 2,000 డాలర్లు అందుకున్నాడు.

ఆ తర్వాత ‘స్టాక్’ అనే మాటకి ఏం గతి పట్టిందో వింటే మన రెవెన్యూ రికార్డులు గుర్తొస్తాయి. పేరు మారదు, సరిహద్దులు జరుగుతూ ఉంటాయి.

హడ్సన్ కంపెనీ తెలివి చూడండి. 1950ల మొదట్లో దాని హార్నెట్ కార్లు ట్రాకుల మీద రాజ్యమేలాయి. 1952లో 34 పందేలు జరిగితే 27 వాటివే. గట్టి భాగాలు కావాలంటే కంపెనీ ‘కఠిన వాడకం’ పేరిట విడిభాగాల జాబితాలో పెట్టి అమ్మేది. అసలు ఉద్దేశం రేసే. కానీ జాబితాలో ఉంది కాబట్టి అది కూడా షోరూమ్ సరుకే, చట్టబద్ధం! పాపం, పందేలు గెలవడం వేరు, కార్లు అమ్ముడుపోవడం వేరు. హడ్సన్ 1954లో నాష్ కంపెనీలో కలిసింది, 1957కల్లా ఆ పేరే లేకుండా పోయింది. ఆదివారం గెలిస్తే సోమవారం అమ్ముడుపోతుందని అమెరికా డీలర్లు తెగ చెప్పుకునేవాళ్ళు. హడ్సన్ ఓనర్లకి ఆ మాట వినిపిస్తే ఏమనుకుని ఉంటారో.

1964లో క్రైస్లర్ కంపెనీ హెమీ అనే రాక్షస ఇంజన్ దింపింది. మన పదకొండేళ్ళ రిచర్డ్ పెట్టీ అప్పటికి ఇరవై ఆరేళ్ళ వాడై, ఆ ఇంజన్‌తో డేటోనా 500 పందెం గెలిచాడు. గోల మొదలైంది. ఏ షోరూమ్‌లో అమ్ముతున్నారయ్యా దీన్ని? ఎక్కడా అమ్మట్లేదు. మరుసటి ఏడు నాస్కార్ ఆ ఇంజన్‌ని ఆపేసింది, క్రైస్లర్ అలిగి పందేల నుంచి తప్పుకుంది. చివరికి 1966లో అదే హెమీని రోడ్డు కార్లలో పెట్టి అమ్మకానికి తెచ్చారు.

ఆ 1966 ఆగస్టులోనే అట్లాంటాలో ఇంకో చోద్యం జరిగింది. జూనియర్ జాన్సన్ ఒక ఫోర్డ్ గెలాక్సీని పట్టుకొచ్చాడు. ఈ జాన్సన్ సామాన్యుడు కాడు. సారా కేసులో జైలుకెళ్ళి వచ్చినవాడు, రేసుల్లో మొనగాడు, ఆ తర్వాత బండ్లు తయారుచేయడంలో అంతకన్నా మొనగాడు. ఆ గెలాక్సీకి ముక్కు కిందికి వంచారు, పైకప్పు తగ్గించారు, ముందు అద్దం వాల్చారు, వెనక భాగం పైకెత్తారు. పసుపు రంగు వేశారు. పక్క నుంచి చూస్తే అచ్చం అరటిపండే. జనం దానికి ‘ఎల్లో బనానా’ అనే పేరు పెట్టారు. టింకరింగ్ షెడ్డులో ఎంత చెయ్యి తిరిగిన పనివాడైనా, కంపెనీ కారుకి ఆ రూపం తేవాలంటే వారాలు పట్టే పని. తనిఖీలో దాన్ని పోనిచ్చారు. ఎందుకంటే ఆ ఏడు ఫోర్డ్ కంపెనీ అలిగి తప్పుకుంది, స్టాండ్లు ఖాళీగా కనిపిస్తున్నాయి, ఫోర్డ్ బండి ఒకటైనా ట్రాక్ మీద ఉండాలి. టికెట్టు అమ్ముడుపోవాలంటే కొన్నిసార్లు కళ్ళు మూసుకోవాల్సి వస్తుందన్న సంగతి బిల్ ఫ్రాన్స్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు. ఫ్రెడ్ లారెంజెన్ ఆ అరటిపండుని తోలి గోడకి కొట్టాడు. అది మళ్ళీ పందెంలోకి రాలేదు. ఆ తర్వాత తనిఖీలో అచ్చులు గట్టిగా వాడటం మొదలైంది. దర్జీ అట్ట కటింగు పెట్టి గుడ్డ కోస్తాడు చూడండి, అలా కంపెనీ కారు ఆకారంలో కోసిన రేకులు బండి మీద బోర్లించి, ఎక్కడైనా సందు మిగిలిందా అని చూడటం.

అచ్చు కంపెనీ కారుదే అయినప్పుడు, కంపెనీ కారు ఆకారాన్నే మార్చేస్తే? 1969లో డాడ్జ్ సరిగ్గా అదే చేసింది. చార్జర్ డేటోనా అని ఒక కారు. ముందు విమానం లాంటి మొన, వెనక డిక్కీ మీద ఎత్తైన రెక్క. పందెంలో అనుమతించాలంటే కనీసం 500 కార్లు జనానికి అమ్మాలని రూలు. సరే, అమ్మకానికి 500 చేశారు. మరుసటి ఏడు నాస్కార్ ఆ లెక్కను డీలర్ల సంఖ్యను బట్టి పెంచింది, ఇద్దరు డీలర్లకి ఒక కారు చొప్పున. ప్లిమత్ కంపెనీ దాదాపు 1,900 సూపర్‌బర్డ్‌లు చేసింది. తనని వదిలి ఫోర్డ్ వైపు వెళ్ళిపోయిన రిచర్డ్ పెట్టీని తిరిగి రప్పించుకోవడం కూడా ఆ బండి వెనక ఉన్న ఉద్దేశం. వచ్చాడు కూడా.

ఒక్కసారి ఆ షోరూమ్‌లోకి తొంగి చూడండి. 1970. పిల్లల్ని బడికి దింపడానికి, చర్చికి వెళ్ళడానికి కారు కొనుక్కుందామని ఓ సంసారి లోపలికొచ్చాడు. ఎదురుగా నిమ్మపండు రంగులో, ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, వెనక తన భుజాల దాకా వచ్చే రెక్కతో ఒక కారు. హారన్ కొడితే కార్టూన్ పక్షిలా ‘బీప్ బీప్’ అంటుంది. ఆ ముక్కుతో అది ఇంటి షెడ్డులో పడుతుందా అన్నది అతని మొదటి అనుమానం. చాలా సూపర్‌బర్డ్‌లు అమ్ముడుపోక డీలర్ల దగ్గర నెలల తరబడి పడి ఉన్నాయి. కొందరు విసిగిపోయి రెక్కా ముక్కూ పీకేసి మామూలు కారుగా మార్చి వదిలించుకున్నారు. ఇవాళ అదే కారుని వేలంలో పెడితే లక్షల డాలర్లు పలుకుతుంది, అది వేరే సంగతి.

నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ తమాషాగా అనిపించేది ఈ ఘట్టమే. రేసు బండి షోరూమ్ బండిని పోలి ఉండాలని కదా మొదలుపెట్టింది? ఇక్కడికొచ్చేసరికి షోరూమ్ బండే రేసు బండిని పోలి పుట్టింది. మన సినిమా హీరో కట్టింగు చూసి ఊళ్ళో కుర్రాళ్ళు తల చేయించుకున్నట్టు. 1970 మార్చి 24న బడ్డీ బేకర్ రెక్కల డాడ్జ్‌లో టాలడేగా ట్రాక్ మీద గంటకి 200 మైళ్ళు, అంటే 320 కిలోమీటర్ల పైచిలుకు దాటాడు. స్టాక్ కారుతో ట్రాక్ మీద ఆ వేగం దాటిన మొదటి వ్యక్తి. నాస్కార్‌కి గుండె గుభేలుమంది. 1971లో రెక్కల బండ్లకి చిన్న ఇంజన్ తప్పనిసరి చేసి, వాటి కథకి తెర దించేసింది.

1980ల నుంచి కథ త్వరగా చెప్పేయొచ్చు, ఎందుకంటే ఆ తర్వాత పోలిక అన్నది పేరుకే మిగిలింది. పెట్రోల్ ధరలు పెరిగాక అమెరికా కంపెనీలు ఎక్కువ కార్లని చిన్న ఇంజన్లకి, ముందు చక్రాలు లాగే పద్ధతికి మార్చాయి. ట్రాక్ మీద మాత్రం వెనక చక్రాలు తోసే పాత పద్ధతే, పెద్ద వీ8 ఇంజనే. షెవర్లే లుమినా అని ఒక కారు. ఇంట్లో వాడేది ఒక రకం, పందెంలో పరిగెత్తేది ఇంకో రకం. రెండింటికీ కలిసేది పేరు, కొంచెం ముఖం. అప్పటికే లోపల అస్థిపంజరం ఇనుప గొట్టాలతో వేరుగా కట్టినది. 2007లో భద్రత కోసమని, ఖర్చు తగ్గించడం కోసమని నాస్కార్ అందరికీ ఒకే ఆకారం ఇచ్చింది. షెవర్లేకీ ఫోర్డ్‌కీ తేడా తెలియాలంటే ముక్కు మీది స్టిక్కర్ చదవాలి. ఆ కొత్త బండితో బ్రిస్టల్‌లో జరిగిన మొదటి పందెం గెలిచిన కైల్ బుష్, కప్పు చేత్తో పట్టుకుని, ఈ బండి దరిద్రంగా ఉందని టీవీలోనే చెప్పేశాడు. గెలిచినవాడే తిడితే ఇక ఓడినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

కంపెనీలు కూడా సణిగాయి. మా కారులా కనిపించని కారుకి మేమెందుకు డబ్బు పొయ్యాలి అని. నిజమే మరి. అందుకే 2013 నుంచి ముఖాలు మళ్ళీ విడివిడిగా కనిపించసాగాయి. 2022లో నెక్స్ట్ జెన్ అనే ప్రస్తుత బండి వచ్చింది. ఇక్కడ కథ తిరగబడిందని నేనంటాను.

ఇప్పటి కప్, అంటే నాస్కార్ పై తరగతి పందేల కామ్రీ దగ్గరకెళ్ళి నిలబడ్డామనుకోండి. దూరం నుంచి చూస్తే అది కామ్రీయే. దగ్గరికెళ్తే తలుపులు తెరుచుకోవు, అసలు తలుపులే లేవు. డ్రైవరు కిటికీలోంచి కాళ్ళు పెట్టి దూరాలి. కిటికీకి అద్దం లేదు, బిగించిన వల ఉంది. హెడ్‌లైట్లు మెరుస్తున్నట్టు కనిపిస్తాయి, వేలు పెట్టి రాస్తే స్టిక్కర్లు. మన రేడియం స్టిక్కర్ల షాపువాడు అతికించినట్టే. 2023లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసుకి ఒక కామరోని ప్రత్యేకంగా తీసుకెళ్ళినప్పుడు, రాత్రిపూట దారి కనబడాలి కాబట్టి నిజమైన లైట్లు బిగించాల్సి వచ్చింది. బాడీ రేకు కాదు, కాంపోజిట్. బానెట్ కింద 5.86 లీటర్ల వీ8. షోరూమ్ కామ్రీ బానెట్ ఎత్తితే 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల హైబ్రిడ్. అన్నిటికంటే చిత్రం, ఆ రేసు ఇంజన్ ఇప్పటికీ పుష్‌రాడ్ రకం. మన అంబాసిడర్ ఇంజన్‌లో కవాటాలు ఏ పద్ధతిలో తెరుచుకునేవో అదే పద్ధతి.

అయితే చక్రం దగ్గర కూర్చుని చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. 2021 దాకా వెనక చక్రాలు రెండింటికీ కలిపి ఒకే ఇరుసు ఉండేది, 1960ల నాటి పికప్ ట్రక్కు నుంచి వచ్చిన పద్ధతి. రోడ్డు మీది మంచి కార్లన్నీ ఎప్పుడో దాన్ని వదిలేశాయి. కొత్త బండిలో రెండు చక్రాలకి దేని సస్పెన్షన్ దానిది. చక్రం 18 అంగుళాలు, అల్యూమినియం. పాత బండికి చక్రానికి ఐదు నట్లు, కొత్తదానికి నడిమధ్యన ఒక్కటే. పాత బండ్ల బాడీని ఎడమ మలుపుల కోసం కావాలని వంకరగా కట్టేవాళ్ళు, ఇప్పుడు కుడి ఎడమలు సమానం. అంటే ఒకరకంగా చూస్తే 2022లో రేసు బండి షోరూమ్ బండికి దగ్గరైంది. ఇంకోరకంగా చూస్తే ఇంజన్, ముఖం తప్ప దాదాపు అన్నీ ఒకే చోట నుంచి అందరూ కొనుక్కునే విడిభాగాలు, ఏ రోడ్డు కారులోంచీ తీసినవి కావు. 1949లో పైన కనిపించేది, లోపలున్నది రెండూ కంపెనీవే అయి ఉండాలని పట్టుబట్టారు. ఇప్పుడు పైన కంపెనీ ముఖం ఉంటే చాలు, ఇంజన్ తప్ప లోపల కంపెనీది ఉంటేనే తప్పు.

తనిఖీ కూడా మారింది. ఇప్పుడు బండి మీద వెలుగు గీతలు ప్రసరింపజేసి, కెమెరాలతో ఆకారం మొత్తం కొలుస్తారు. అయినా కమాను కింద తల పెట్టిన క్రిస్లర్ అవసరం తీరలేదు. 2022 జులై 24న పెన్సిల్వేనియాలోని పొకోనోలో డెనీ హామ్లిన్, కైల్ బుష్ మొదటి రెండు స్థానాల్లో వచ్చారు. రెండూ కామ్రీలే. పందెం అయ్యాక బండ్ల ముందు భాగం మీది రంగు స్టిక్కరు ఊడదీసి చూస్తే, దాని కింద సన్నటి పారదర్శక టేపు ముక్క. రెండంగుళాల వెడల్పు, ఐదున్నర అంగుళాల పొడవు, మందం అంగుళంలో వందో వంతు పైచిలుకు. గాలి కాస్త వేరుగా జారడానికి. ఇద్దర్నీ కొట్టేశారు. కప్ పందెం విజేతని ఇలా తీసెయ్యటం 1960 తర్వాత అదే మొదటిసారి. ఒక్క చుట్టైనా ముందుండని చేజ్ ఎలియట్‌కి గెలుపు దక్కింది. ఇతని నాన్న బిల్ ఎలియట్ 1987లో ఫోర్డ్ థండర్‌బర్డ్‌తో టాలడేగాలో గంటకి 212.809 మైళ్ళు తీశాడు. కొడుక్కి గెలుపు తెచ్చింది టేపు ముక్క.

ఆ రోజు చేజ్ నడిపింది షెవర్లే కామరో. ఆ కామరో తయారీని కంపెనీ 2023 డిసెంబరులో ఆపేసింది. రేసు కామరో మాత్రం ఆ తర్వాత కూడా ఆదివారం ఆదివారం పరిగెత్తింది. అంటే ఆదివారం గెలిచినా, సోమవారం అమ్ముదామంటే షోరూమ్‌లో బండే లేదు. పోలిక సంగతి అటుంచి, పోలడానికి అవతల ఎవరూ లేరు. పాతకాలం వాళ్ళ నిట్టూర్పుకి నేను ఒక్క విషయంలోనే తలూపుతాను. మొదటి రోజున కూడా వేషాలున్నాయి. కానీ వేషం తీసేస్తే కింద ఒక కారు ఉండేది, రోడ్డు మీద ఇంటికి పోగలిగే కారు.

ఇప్పటి కప్ బండి ఇంటికి నడిచి పోదు. పెద్ద ట్రాన్స్‌పోర్టర్ లారీలో పడుకుని పోతుంది.

1949లో ఆ ఆదివారం డునావేని తీసేశాక అధికారుల చూపు రోపర్ లింకన్ మీద పడింది. మళ్ళీ పరువు పోకూడదు కదా. దాని ఇంజన్ కూడా విప్పి చూడాల్సిందేనని పట్టుబట్టి, ఊడదీసి పరీక్షకి ఉంచేసుకున్నారు. చేతిలో 2,000 డాలర్లు, బానెట్ కింద ఖాళీ. కాన్సస్ వెయ్యి మైళ్ళ పైమాట. రోపర్ షార్లెట్‌లోనే ఇంకో ఇంజన్ సంపాదించి, దాన్ని దింపించుకుని, స్టీరింగ్ ముందు కూర్చుని, వచ్చిన దారినే ఇంటికి బయల్దేరాడు.